పదిహేడు మంది పిల్లలు, ఒక్క టీచరు: మీ బడి లెక్క జూన్‌లో కాదు, ఫిబ్రవరిలోనే తేలుతుంది

ప్రశ్న: మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) ఎంపికై పశ్చిమ ప్రకాశంలో ఒక మెట్ట ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే. మొత్తం 17 మంది. ఒకటో తరగతిలో ఇద్దరు, రెండులో ముగ్గురు, మూడులో ముగ్గురు, నాలుగులో ముగ్గురు, ఐదులో ఆరుగురు. ఊళ్లో ఇంకో పాతిక మంది పిల్లలు రోజూ వ్యానెక్కి ప్రైవేటు స్కూలుకు పోతున్నారు. మీటింగుకు వెళ్తే ఎన్‌రోల్‌మెంట్ పెంచమంటారు. ఊళ్లో అడిగితే ‘ఒక్క టీచరుతో ఏం చదువమ్మా’ అంటారు. రెండో టీచరును అడిగితే పిల్లలు లేరు కదా అంటారు. బడి ఎత్తేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో పదకొండేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే గడిచాయి. ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎంగా, అంటే ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మీ ప్రశ్నలో చివరి మూడు వాక్యాలు నేనూ ఒకప్పుడు అచ్చంగా అలాగే అడిగాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట. పిల్లలు తగ్గారు కాబట్టి టీచర్లు తగ్గారని అందరూ అంటారు. నేను చూసిన బడుల్లో ముందు టీచరు తగ్గారు, ఆ వెనకే పిల్లలు తగ్గారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇద్దరం ఉండేవాళ్లం, పిల్లలు 34 మంది. తోటి టీచరుకు బదిలీ అయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. రెండేళ్లు తిరిగేసరికి 19 మంది మిగిలారు. అప్పుడు రెండో పోస్టు అడిగితే, ‘మాస్టారూ, మీ దగ్గర స్ట్రెంత్ ఏదీ?’ అన్నారు పై అధికారి. ఆయన్ను తప్పుపట్టను, ఆయన చేతిలో ఉన్న కాగితంలో 19 అనే ఉంది. 34 ఎందుకు 19 అయిందో ఆ కాగితంలో రాయడానికి గడి లేదు.

ఇది మీ ఒక్కరి కష్టం కాదు. 2024-25 యూడైస్ ప్లస్ (కేంద్రం ఏటా తీసే బడుల సమాచారం) లెక్కల్లో దేశం మొత్తం మీద ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు లక్షా నాలుగు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలు దాటారు. ఇలాంటి బడులు అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువగా ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. అదే ఏడాది తెలంగాణలో ఒక్క పిల్లవాడూ చేరని బడులు 2,245 తేలాయి. ఈ రెండు అంకెలనూ విడివిడిగా చూడకండి. ఇవాళ మొదటి లెక్కలో ఉన్న బడిని పట్టించుకోకపోతే, కొన్నేళ్లకు అది రెండో లెక్కలోకి జారుతుంది.

ఇక మీ 17. ఈ అంకెను మొత్తంగా చూస్తే ఏమీ తెలియదు, తరగతివారీగా చూడాలి. జూన్‌లో ఐదో తరగతి ఆరుగురూ వెళ్లిపోతారు. మిగిలేది 11. ఒకటో తరగతిలో మళ్లీ ఇద్దరే చేరితే 13. ఆ పై ఏడాది ముగ్గురు పోయి ఇద్దరు వస్తే 12, ఆ తర్వాత 11. అంటే మీరు ఎంత బాగా చెప్పినా, ఒక్క పిల్లవాడూ బడి మానకపోయినా, మీ బడి తనంతట తానే పదికి దిగుతుంది. ఇప్పుడు అదే లెక్కను ఇంకోలా వేయండి. ఒకటో తరగతిలో ఎనిమిది మంది చేరితే వచ్చే ఏడాది 19. ఆ పై ఏడాది ముగ్గురు పోయి మళ్లీ ఎనిమిది మంది వస్తే 24. రెండు జూన్‌లు సరిగ్గా పడితే చాలు, మీ బడి కథ మారుతుంది.

ఆ ఎనిమిది మంది ఎక్కడున్నారు? వ్యానులో ఉన్నారని మీరు అనుకుంటున్నారు. వ్యానులో ఉన్న పాతిక మంది వెంట పడితే, ఒకళ్లిద్దరు తప్ప రారు. తల్లిదండ్రులు ఒకసారి ఫీజు కట్టి, యూనిఫాం కుట్టించి, బంధువులందరికీ చెప్పుకున్నాక వెనక్కి రావడం వాళ్లకు పరువు సమస్య. అసలు ఆ పిల్లలు వ్యాను ఎక్కింది ఒకటో తరగతిలో కాదు, మూడేళ్లు నిండగానే ఎల్‌కేజీలో. ఐదేళ్లు నిండాక జూన్‌లో మనం కరపత్రాలు పట్టుకుని ఆ ఇంటి గడప తొక్కేసరికి రెండేళ్లు ఆలస్యమైపోయి ఉంటుంది. మీ ఒకటో తరగతి పిల్లలు ఇవాళ మీ ఊరి అంగన్‌వాడీలో కూర్చుని ఉన్నారు. అక్కడ లేకపోతే, మీ దగ్గరికీ రారు.

కాబట్టి ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం అంగన్‌వాడీకి వెళ్లండి. టీచరమ్మ దగ్గర రిజిస్టర్లు ఉంటాయి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లి పేరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. బాలింతల వివరాలు కూడా ఆమెకు తెలుసు, అంటే మీ ఊళ్లో రాబోయే ఐదేళ్ల ఒకటో తరగతులు ఆ గదిలోనే ఉన్నాయి. నేను మొదటిసారి ఇలా రాసుకున్న రోజు నాకు బాగా గుర్తు. రెండు పేజీలు నిండాయి. రెండు వీధుల అవతల ఉన్న బడిలో ఐదేళ్లుగా ఉంటూ, అందులో సగం మంది పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత వారానికి ఒక అరగంట అక్కడ గడపండి. భోజనం వేళ మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినా సరే. రెండు పాటలు, ఒక కథ, కాస్త ఇసుకలో రాత. ఆ పిల్లలకు మీ ముఖం తెలియాలి, తల్లులకు మీ మాట తెలియాలి. ఇప్పుడు మన రాష్ట్రంలో ఫౌండేషనల్ స్కూళ్లలో పీపీ-1, పీపీ-2 (ప్రీ ప్రైమరీ) అంటూ అంగన్‌వాడీని బడితో కలిపి చూస్తున్నారు. మీ అంగన్‌వాడీ వేరే అద్దె ఇంట్లో నడుస్తూ, మీ బడి ఆవరణలో ఖాళీ గది ఉంటే, అక్కడికి మార్చమని పాఠశాల యాజమాన్య కమిటీ చేత తీర్మానం చేయించి, అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ వాళ్లకూ, ఎంఈవో (మండల విద్యాధికారి) గారికీ ఇవ్వండి. నేను చేసిన పనులన్నింటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. మూడేళ్ల పిల్లవాడు రోజూ అన్నయ్య చెయ్యి పట్టుకుని మీ గేటులోంచే లోపలికి వస్తే, ఐదేళ్లకు వాడిని వ్యాను ఎక్కించాలన్న ఆలోచన ఆ ఇంట్లో రావడం కష్టం.

వ్యాను పిల్లల సంగతి కూడా చెబుతాను. ప్రైవేటు స్కూలును ఎవరి దగ్గరా తిట్టకండి. అక్కడ చదివించే తల్లి తన ఎంపికను తిట్టినట్టే బాధపడుతుంది. కానీ ఏడాది మధ్యలో ఫీజు బాకీపడి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టుకున్న ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. వాళ్లు మీ దగ్గరికి రావడానికి జంకుతారు, ‘టీసీ ఇవ్వరు, బాకీ కట్టాలి’ అంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో మీరు చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు లేదని, గడువు దాటిందని కూడా పంపేయకూడదు. ముందు చేర్చుకుని కూర్చోబెట్టండి. యూడైస్‌లో ఆ పాప పెన్ (పిల్లలకిచ్చే శాశ్వత విద్యా సంఖ్య) నంబరు పాత స్కూల్లోనే ఉండిపోతుంది. అక్కడ వదిలితే తప్ప మీకు ఇంపోర్ట్ కాదు. వాళ్లతో గొడవపడకుండా ఎంఆర్‌సీలో (మండల రిసోర్స్ సెంటర్‌లో) బడుల డేటా చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ దాచుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. సంఖ్య కోసం ఎవరైనా ‘వ్యాను పిల్లల పేర్లు మన రిజిస్టర్‌లో రాసుకుందాం’ అని సలహా ఇస్తారు. ఊరి పెద్దలే ప్రేమతో చెబుతారు, బడి నిలబడాలని. ఒక్క పేరు కూడా రాయకండి. ఇప్పుడు పిల్లవారీ వివరాలు, ఆధార్, పెన్ అన్నీ ఉన్నాయి, ఒకే పిల్ల రెండు చోట్ల ఉంటే తేలిపోతుంది. ఆ పేరు మీద భోజనం లెక్క రాశారంటే అది ఇంకా పెద్ద సమస్య. అన్నిటికీ మించి, తనిఖీలో ఒక్క తప్పుడు పేరు దొరికితే మిగతా పదిహేడు నిజమైన పేర్ల మీద కూడా నమ్మకం పోతుంది.

రెండో టీచరు సంగతికి వస్తాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది వరకు ఇద్దరు టీచర్లని ఉంది. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. ‘ఇంతకంటే తక్కువైతే ఒక్కరు చాలు’ అన్న గీత ఆ షెడ్యూలులో లేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైనప్పుడు కూడా ప్రతి ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండో టీచరు, వీలైనంత వరకు మహిళా టీచరు అన్నారు. ఆ పథకం కింద వచ్చిన రెండు గదుల భవనాలు మన ఊళ్లలో ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక గదిలో టీచరు, ఇంకో గదిలో పాత బెంచీలు. బహుశా మీ బడి కూడా అలాంటిదే అయి ఉంటుంది.

కానీ పోస్టులు నడిచేది రేషనలైజేషన్ ఉత్తర్వులతో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే జీవోలతో. 2022లో 117 జీవో వచ్చి చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. ఊళ్లో బడి ఒకటి, రెండు తరగతులతో, ఒక్క టీచరుతో మిగిలింది. 2025లో దాన్ని పక్కనపెట్టి బడుల్ని తొమ్మిది రకాలుగా విడగొట్టారు. జీవో మారినప్పుడల్లా సంఖ్య అటూ ఇటూ జరిగినా, ఐదు తరగతుల బడికి రెండో పోస్టు గీత చాలాసార్లు ఇరవై చుట్టుపక్కలే పడింది. అందుకే మీరు రెండు పనులు చేయాలి. మొదటిది, ఇప్పుడు అమల్లో ఉన్న జీవో కాపీ తెచ్చుకుని మీ బడి ఏ రకం కిందికి వస్తుందో, ఏ తేదీ నాటి ఎన్‌రోల్‌మెంట్ లెక్కలోకి తీసుకుంటారో స్వయంగా చదవండి. ఎవరో చెప్పిన మాట మీద ఉండకండి. పోయిన ఏడాదుల్లో ఆ తేదీ నాటికి ఇద్దరు పిల్లల ఎంట్రీ పెండింగులో ఉండి పోస్టు పోయిన బడి నాకు తెలుసు. రెండోది, శాంక్షన్డ్ పోస్టు రాకపోయినా వర్క్ అడ్జస్ట్‌మెంట్ (తాత్కాలిక సర్దుబాటు) కింద ఒకరిని అడగండి. మీ మండలంలోనే ఎక్కడో ఒకచోట అవసరానికి మించి టీచర్లు ఉంటారు. విద్యా సంవత్సరం మొదట్లో ఆ సర్దుబాట్లు జరుగుతాయి, అప్పటికి మీ కాగితం ఎంఈవో గారి టేబుల్ మీద ఉండాలి.

ఆ కాగితం మీరు రాస్తే ఒక టీచరు విన్నపం. కమిటీ రాస్తే ఊరి మాట. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టంలోనే ఉంది. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే అధికారం కూడా ఆ కమిటీదే. తీర్మానంలో ‘టీచరు కావాలి’ అని ఒక్క ముక్క రాసి వదలకండి. తరగతివారీ సంఖ్య, అంగన్‌వాడీలో ఉన్న పిల్లల పేర్లు పుట్టిన తేదీలతో సహా, వచ్చే మూడేళ్ల లెక్క, రెండో గది ఖాళీగా ఉందన్న సంగతి, పోయిన ఏడాది టీచరు సెలవు వల్ల బడి ఎన్ని రోజులు నడవలేదన్నది. ఇవన్నీ ఒకే పేజీలో. నేను రెండుసార్లు భావోద్వేగంతో రాసి పంపాను, జవాబు రాలేదు. మూడోసారి ఇలా లెక్కలతో పంపాను, తర్వాతి జూలైలో ఒక అమ్మాయి అడ్జస్ట్‌మెంట్ మీద వచ్చింది.

ఈ సంఖ్య డబ్బు మీద కూడా పనిచేస్తుంది. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి పది వేలు, 31 దాటితే పాతిక వేలు. భోజనం వండే మనిషి 25 మంది వరకు ఒక్కరే, 26 అయితే ఇద్దరు. చిన్న బడి దగ్గర ఒక్కొక్క పిల్లకూ ఇంత బరువుంది.

సెలవుల విషయం మాత్రం నేను అనుభవించి చెబుతున్నాను. నేను ఒక్కడినే ఉన్న రోజుల్లో ఒక సోమవారం మా అమ్మకు కంటి ఆపరేషన్ పడింది. శుక్రవారమే సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టాను, మా స్కూల్ కాంప్లెక్సులో (చుట్టుపక్కల బడుల సముదాయంలో) ఇంకో టీచరును పంపుతామన్నారు. ఆయనకు అదే రోజు ఇంకేదో డ్యూటీ పడింది, రాలేదు. తాళం నా దగ్గరే ఉంది. పిల్లలు అరుగు మీద బ్యాగులు పెట్టుకుని పదకొండు దాకా కూర్చున్నారట. వంటామె బియ్యం బయట పెట్టుకుని ఎదురుచూసిందట. మేకలు తోలుకుపోతున్న ఒక తండ్రి అది చూశాడు. వారం తిరక్కుండా ఆయన కొడుకు వ్యాను ఎక్కాడు. నేను ఇంటికి వెళ్లి అడిగితే కోపంగా ఏమీ అనలేదు. ‘చదువు మీరు బాగానే చెబుతారు మాస్టారూ. కానీ మీరు రాని రోజు బడే ఉండదు గదా’ అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. మూడో తరగతి పిల్లవాడు, ఎక్కాలు పన్నెండు దాకా వచ్చు వాడికి.

ఆ రోజు నుంచి తాళం రెండోది కమిటీ చైర్మన్ ఇంట్లో పెట్టాను. పక్క ఊళ్లో కూడా ఒంటరిగా ఉన్న టీచరుతో మాట్లాడుకుని, ఇద్దరం ఒకే రోజు సెలవు పెట్టకూడదనుకున్నాం. సీఆర్‌పీ (బడులు తిరిగే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఏ రోజు ఏ బడికి వెళ్తారో ముందే తెలుసుకునేవాణ్ని. మీకు ఏడాదికి ఇన్ని అని సీఎల్‌లు ఉన్నాయి, అవి మీ హక్కు, వాడుకోండి. ఒంట్లో బాగాలేకపోయినా వెళ్లి కూర్చోమని నేను చెప్పను. కానీ వచ్చే టీచరు ఎవరో పేరుతో సహా తేలే వరకు ఫోన్ వదలకండి. వాళ్లు చేయాల్సిన పని ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి. బడి తెరిచి ఉండటమే ఊరికి ముందుగా కనిపించేది. చదువు సంగతి ఆ తర్వాత.

ఇతర డ్యూటీల విషయం కూడా అంతే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులు టీచరుకు వేయకూడదంటుంది. 2027 ఫిబ్రవరిలో జనగణన ఉంది, అంతకుముందు ఇళ్ల లెక్క ఉంది. ఏకోపాధ్యాయ పాఠశాల అని మీ పరిస్థితి ముందే రాసి ఇవ్వండి. పేరు వచ్చాక తీసేయించుకోవడం కంటే, రాకముందు చెప్పుకోవడం తేలిక.

ఇప్పుడు ఐదు తరగతులు ఒక్కరే ఎలా చెప్పాలన్నది. డీఎడ్ (టీచరు శిక్షణ)లో మనకు నేర్పింది ఒక గది, ఒక తరగతి, ఒక పాఠం. అదే ఐదుసార్లు చేయబోతే మధ్యాహ్నానికే గొంతు పోతుంది. నాకు కళ్లు తెరిపించింది మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల చిన్న బడుల పద్ధతి. 1980ల చివర నుంచి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుతో బడులు నడిపారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా గోడకు పెట్టి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ కార్డు తనే తీసుకునేలా చేశారు. 1990ల్లో కర్ణాటక టీచర్లు వచ్చి చూసి నలి-కలి (ఆడుతూ నేర్చుకునే పద్ధతి) మొదలుపెట్టారు, ఆ తర్వాత తమిళనాడు కూడా అదే దారి పట్టింది. మన దగ్గర పుట్టిన పద్ధతి ఇది. మీ బీరువా వెతకండి, ఇలాంటివే పాత స్నేహబాల కార్డుల పెట్టె ఎక్కడో ఉండి ఉండొచ్చు.

అంత పకడ్బందీగా చేయలేకపోయినా పర్వాలేదు. నేను చేసింది ఇంతే. తరగతుల్ని పక్కన పెట్టి రెండు చాపలు వేశాను. చదవడం ఇంకా రాని వాళ్లు ఒక చాప, వచ్చిన వాళ్లు ఒక చాప. పొద్దున మొదటి గంట పూర్తిగా మొదటి చాపది. ఆ గంటలో రెండో చాప వాళ్లకు ముందు రోజు సాయంత్రమే బోర్డు మీద రాసిపెట్టిన లెక్కలు. రెండో గంట తారుమారు, చిన్నవాళ్లకు పలకలు, చింతపిక్కలు, బొమ్మల కార్డులు. పరిసరాల విజ్ఞానం మూడు, నాలుగు, ఐదు తరగతులకు కలిపే చెప్పేవాణ్ని. పాఠం ఒకటే, రాసేది వేరు. మూడో తరగతి పిల్ల బొమ్మ గీసి పేర్లు రాస్తుంది, ఐదో తరగతి పిల్ల అదే విషయం మీద అరపేజీ రాస్తుంది.

నాలుగో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. తీసివేతలో పదిని అరువు తెచ్చుకోవడం ఎంత చెప్పినా ఎక్కేది కాదు. తరగతి ప్రకారం కూర్చోబెడితే వాడు రోజూ తల దించుకునేవాడు. చాపలు వేశాక లెక్కల వేళ మొదటి చాప మీదికి వచ్చి రెండో తరగతి పిల్లలతో చింతపిక్కలు పదేసి కట్టలు కట్టేవాడు. ఒక కట్ట విప్పి పక్కన పోసి, ‘ఇప్పుడు పద్నాలుగయినాయి సార్, ఇందులోంచి ఎనిమిది తియ్యొచ్చు’ అన్నాడు ఒక రోజు. నేనేమీ చెప్పలేదు, ఆ కట్ట చెప్పింది వాడికి. పెద్ద బడిలో నలభై మంది నాలుగో తరగతి పిల్లల మధ్య వాడికి ఆ అవకాశం దొరికేది కాదు.

ఒక్క జాగ్రత్త. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం మంచిదే కానీ, రోజుకు పది పదిహేను నిమిషాలు మించొద్దు. ఐదో తరగతి పిల్ల రోజంతా అ ఆలు దిద్దిస్తూ కూర్చుంటే ఇంటికి వెళ్లి చెబుతుంది. అప్పుడు ఆ తల్లి అనే మాట మనం కాదనలేం.

ఊరి వాళ్లు ఇంగ్లిష్ అడుగుతారు. మీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. కమిటీ మీటింగు రోజు పుస్తకం విప్పి చూపించండి. ఒక పిల్ల చేత తెలుగు పేజీ, ఇంకో పిల్ల చేత ఇంగ్లిష్ పేజీ చదివించండి. ప్రసంగం అక్కర్లేదు. శనివారం ప్రతి పిల్లకూ ఒక కథల పుస్తకం ఇచ్చి ఇంట్లో అమ్మకు చదివి వినిపించమనండి. చదువు రాని తల్లి తన బిడ్డ చదువుతుంటే విన్న రాత్రి, పక్కింటి ఆవిడతో చెప్పకుండా ఉండలేదు. నోటుబుక్కులు ఏ రోజుకారోజు దిద్దండి. వ్యాను స్కూలు వాళ్లు ఇస్తున్నది ముఖ్యంగా ఇదే: ఎర్ర ఇంకు, డైరీ, రోజూ ఏదో జరుగుతోందన్న ధీమా. పదిహేడు పుస్తకాలు దిద్దడం నలభై దిద్దడం కంటే చాలా తేలిక.

మీది పశ్చిమ ప్రకాశం అన్నారు కాబట్టి ఇది కూడా. మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలు కదులుతాయి. సంక్రాంతి దాటాక హాజరు పట్టీలో వరుసగా గీతలు పడటం మొదలవుతుంది. పిల్లను వెంట తీసుకుపోతే ఏప్రిల్‌లో తిరిగి వచ్చాక బడి వైపు చూడదు. వెళ్లకముందే ఇంటికి వెళ్లి మాట్లాడండి. తాతో అమ్మమ్మో ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గర ఉంచమని అడగండి, లేకపోతే మండలంలో సీజనల్ హాస్టల్ తెరుస్తారేమో ఎంఆర్‌సీలో కనుక్కోండి. తీసుకెళ్లక తప్పదంటే వాళ్లు ఏ ఊరు వెళ్తున్నారో, ఫోన్ నంబరేమిటో రాసుకుని, పలక, రెండు పుస్తకాలు ఇచ్చి పంపండి. పేరు కొట్టేయకండి. మా ఊళ్లో ఒక మేస్త్రీ భార్య ఆ పుస్తకాలు చేను గట్టున పెట్టి రోజూ కాసేపు చదివించింది.

ఇక విలీనం భయం. ప్రాథమిక బడి పిల్లల ఇంటికి ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలన్నది నిబంధన. విలీనం మాట వచ్చిందంటే కమిటీతో కలిసి ఆ దూరం నడిచి కొలవండి. దారిలో వాగు ఉందా, హైవే దాటాలా, వానాకాలం ఎన్ని రోజులు దారి మూసుకుపోతుంది అన్నవి తీర్మానంలో రాయండి. మ్యాపులో గీసిన గీత వేరు, ఆరేళ్ల పిల్ల నడిచే దారి వేరు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ప్రతి చిన్న బడినీ ఎలాగైనా నిలబెట్టాలని నేను అనను. నా చివరి ఐదేళ్లలో ఒక బడిలో నలుగురే మిగిలారు, నలుగురూ నాలుగు తరగతులు. ఆ ఊళ్లో అంగన్‌వాడీలో ఇద్దరే పిల్లలు, ఇళ్లు సగం తాళాలు. ఆడుకోవడానికి ఈడు పిల్ల లేదు. ఆటో ఏర్పాటు ఖాయమయ్యాక పక్క ఊరి బడికి పంపడానికి నేనే ఒప్పుకున్నాను, ఇవాళ్టికీ అది సరైన పనే అనుకుంటున్నాను. మీ ఊరి సంగతి వేరు. మీ దగ్గర 17 మంది, వ్యానులో పాతిక, అంటే బడీడు పిల్లలు నలభై పైనే. పిల్లలున్న ఊరు అది. అక్కడ బడి పోవడానికి వీల్లేదు.

ముందు అంగన్‌వాడీ నోటుబుక్కు రాయండి. పుట్టిన తేదీలతో సహా ఏ జూన్‌కు ఎంతమందికి ఐదేళ్లు నిండుతాయో నాకు రాయండి. మూడేళ్ల లెక్క వేసి, కమిటీ తీర్మానం ఎలా రాయాలో డ్రాఫ్టు నేను పంపిస్తాను.